ఇంట్లోనే బీపీ, షుగరు చూసుకుని డాక్టరుకు పంపడం: డెల్టా రైతు కుటుంబాలకు సూచనలు

పెదపారుపూడి, వానపాముల, ఎలమర్రు లాంటి ఊళ్లలో ఏ అరుగు మీద నలుగురు పెద్దవాళ్లు కూర్చున్నా ఒకరిద్దరి జేబులో బీపీ బిళ్లో షుగరు బిళ్లో ఉంటుంది. మందు రాసిన డాక్టరు గుడివాడలోనో విజయవాడలోనో ఉంటారు. నెలకోసారి వచ్చి చూపించుకోమంటారు. నాట్లు పడ్డాయనో, కోత మిషను ఇప్పుడే దొరికిందనో, మినుము తీతలనో ఆ నెల తప్పుతుంది. తర్వాతి నెల పాత చీటీ పట్టుకెళ్లి మందుల షాపులో అవే బిళ్లలు తెచ్చుకుంటాం. అలా ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాదంతా బీపీ ఎంతలో ఉందో ఎవరికీ తెలియదు.

బీపీ పెరిగితే తల తిరుగుతుంది కదా, అప్పుడు తెలుస్తుందిలే అని చాలామంది అంటారు. తెలియదు. ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. తెలిసేసరికి మూతి వంకరపోయి, ఒక చెయ్యి పడిపోయి ఉంటుంది. అప్పుడు అమ్ముకునేది బస్తాలు కాదు, ఎకరాలు.

ఇది పట్నం వాళ్ల జబ్బు అనుకోవడం కూడా పొరపాటే. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన మరణాలన్నిటికీ కారణాలు వెతికినప్పుడు, దాదాపు మూడో వంతు (32 శాతం) గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి. అంటువ్యాధుల వల్ల చనిపోయినవారు 12 శాతమే. అవీ మనలాంటి వరి ఊళ్లే.

ఈ మధ్య ఫోనుకు కలిసే బీపీ మిషన్లు, చేతికి పెట్టుకునే వాచీలు, ఒంటికి అంటించుకునే సెన్సర్లు వచ్చాయి. గుడివాడ వెళ్లకుండానే డాక్టరుకు మీ ఒంటి పరిస్థితి తెలుస్తుందని ప్రకటనలు చెబుతున్నాయి. ఇందులో ఎంత నిజం ఉంది, చిన్న రైతు దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టనక్కర్లేదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

లింగాకర్షక బుట్ట లాంటిదే

పొలంలో లింగాకర్షక బుట్టలు పెట్టేది పురుగు ఉధృతి చూడటానికి. ఎకరానికి మూడు నాలుగు బుట్టలు పెట్టినంత మాత్రాన చేను బాగుపడిపోదు. రోజూ వెళ్లి ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టాలి. లెక్క హద్దు దాటితే వ్యవసాయ అధికారిని అడిగి మందు కొట్టాలి. హద్దు దాటకపోతే ఊరుకోవాలి. బుట్ట పెట్టి లెక్క చూడని రైతుకు బుట్ట ఖర్చు దండగ.

ఒంటికి పెట్టుకునే మిషన్లూ అంతే. రోగి ఇంట్లోనో పొలంలోనో ఉండగా బీపీ, షుగరు, నాడి, ఆక్సిజన్ లాంటి లెక్కలు తీసి, ఫోను మీదుగా డాక్టరుకో నర్సుకో చేరవేసి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి మందు మార్చుకోవడాన్నే దూరం నుంచి పర్యవేక్షించడం అంటారు. ఇందులో మిషను మొదటి మెట్టు మాత్రమే. అవతల చూసే మనిషి, చూసి చెప్పిన మందు అందుబాటులో ఉండటం, ఈ రెండూ లేకపోతే లెక్కలు ఫోనులోనే పడి ఉంటాయి.

మన రాష్ట్రానికి ఇది కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారి గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెటూరి ఆసుపత్రిలో తీసిన రిపోర్టులను దూరాన ఉన్న పెద్ద డాక్టరు చూసి సలహా చెప్పడం అప్పట్లో వింత. ఇప్పుడు ఈ-సంజీవని ద్వారా మామూలు గ్రామ ఆరోగ్య కేంద్రంలోనే ఆ పని జరుగుతోంది. గుండెపోటు అనుమానం వస్తే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరుకు ఫోను మీద పంపి, ఆయన సరేననగానే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా వేసే పద్ధతి కూడా 2023 నుంచి రాష్ట్రంలో మొదలైంది. విజయవాడ చేరేదాకా ఆగాల్సిన మందు ముందే పడుతుంది. దూరం నుంచి చూడటం వల్ల ప్రాణం నిలిచే సందర్భం ఇదే. నాగాయలంక దాటి ఎదురుమొండి దీవి వాళ్లలా కృష్ణ పాయ దాటితేగాని ఆసుపత్రి దొరకనివారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మిషను కొన్నారు, బీపీ తగ్గలేదు

పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగిన ఒక పరీక్ష గురించి ప్రతి రైతు కుటుంబమూ తెలుసుకోవాలి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద ఉన్న 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు, బీపీ మిషన్లు ఇచ్చారు. నలభై ఏళ్లు దాటినవారి ఇళ్లకు ఆశాలు వెళ్లి బీపీ చూసేవారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువో ట్యాబ్ చెప్పేది. ఆ వివరాలు డాక్టరుకు చేరేవి. ఆశాలు పని చక్కగా చేశారు. అయినా 2019లో వెలువడిన ఫలితాల్లో, బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో ఈ ఏర్పాటు ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఎందుకని? లెక్క తీయడం జరిగింది కానీ, ఆ తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లడం, మందు దొరకడం, దొరికిన మందు మానకుండా వేసుకోవడం అనే గొలుసు మధ్యలోనే తెగింది. భూసార పరీక్ష చేయించి, కార్డు తెచ్చి దూలంలో దోపి, ఎప్పటిలాగే యూరియా చల్లినట్టు.

దీనికి ఎదురుగా ఇంకో లెక్క ఉంది. బ్రిటన్‌లో 1,182 మంది బీపీ రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఎప్పటిలాగే ఆసుపత్రికి వెళ్లి చూపించుకుంది. రెండో గుంపు ఇంట్లో బీపీ చూసుకుని కాగితం మీద రాసి డాక్టరుకు పంపింది. మూడో గుంపు ఫోను ద్వారా పంపింది. డాక్టర్లు ఆ ఇంటి లెక్కలు చూసి మందు సరిచేశారు. ఏడాది తర్వాత పై అంకె సగటు ఆసుపత్రి గుంపులో 140.4, కాగితం గుంపులో 137.0, ఫోను గుంపులో 136.0 వచ్చింది. 2018లో వచ్చిన ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చూడండి. ఇంట్లో చూసుకుని పంపినవారికి మేలు జరిగింది. కానీ కాగితానికీ ఫోనుకూ మధ్య తేడా ఒక్క అంకె. డాక్టరు ఆ లెక్క చూసి మందు సరిచేయడం వల్లే అసలు తేడా వచ్చింది.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. మీ ఇంట్లో బీపీ ఉన్నవారుంటే ముందు మోచేతి పైభాగానికి పట్టీ చుట్టే ఆటోమేటిక్ బీపీ మిషను ఒకటి, ఒక నోటుపుస్తకం కొనండి. మిషను రెండు వేల రూపాయల అటూ ఇటూలో వస్తుంది. వాచీ సంగతి తర్వాత. ఫోనుకు కలిసే మిషనే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. పుస్తకంలో రాసి ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినా డాక్టరుకు అదే సమాచారం.

మణికట్టుకు పెట్టే చిన్న మిషన్లు చూడటానికి బాగుంటాయి కానీ చెయ్యి కాస్త పైకీ కిందికీ ఉంటే అంకె మారిపోతుంది. అవి వద్దు.

బీపీ చూసే పద్ధతి

ఇక్కడ తొందరపడితే మిగతా అంతా వృథా. పొలం నుంచి వచ్చి, సైకిలు దిగి, చెమట తుడుచుకుంటూ పట్టీ చుట్టుకుంటే మిషను ఎక్కువ చూపించి తీరుతుంది. అది చూసి భయపడి ఇంకో బిళ్ల మింగినవాళ్లూ ఉన్నారు.

చూసే ముందు అరగంట పాటు కాఫీ, టీ, చుట్ట, బీడీ, ఖైనీ ఏవీ వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనేలా కుర్చీలో కూర్చోండి. నులక మంచం మీద వేలాడుతూ కూర్చుంటే కుదరదు. పాదాలు రెండూ నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా ఉండండి. టీవీ కట్టేయండి. చొక్కా చెయ్యి పైకి లాగి, బిగుతుగా ఉంటే విప్పేసి, ఒట్టి చర్మం మీద పట్టీ చుట్టాలి. పట్టీ అంచు మోచేతి మడత కంటే రెండు వేళ్లు పైన ఉండాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఆనించాలి. ఒళ్లో పెట్టుకుంటే అంకె పెరుగుతుంది. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె పెరుగుతుంది. అందుకే కొనేటప్పుడే చేతి చుట్టుకొలత చెప్పి దానికి తగ్గ పట్టీ అడగండి.

ఒకసారి చూసి ఆపకండి. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయండి. ఉదయం బిళ్ల వేసుకోకముందు, టిఫిన్ తినకముందు ఒకసారి, సాయంత్రం భోజనానికి ముందు ఒకసారి, ఇలా వరసగా ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేయండి, అవి కంగారులో వచ్చినవి. మిగతా ఆరు రోజుల పై అంకెలన్నీ కూడి భాగిస్తే పై సగటు, కింది అంకెలు కూడి భాగిస్తే కింది సగటు. ఇంటర్ చదివే మనవడో మనవరాలో రెండు నిమిషాల్లో చేసిపెడతారు.

ఇంట్లో చూసుకున్న సగటు 135/85 లేదా అంతకు మించితే బీపీ ఎక్కువగా ఉన్నట్టు లెక్క. ఆసుపత్రిలో ఈ హద్దు 140/90. ఇంటి హద్దు ఎందుకు తక్కువ అంటే, తెల్లకోటు చూడగానే చాలామందికి బీపీ కొంచెం పెరుగుతుంది. ఇంట్లో ఆ కంగారు ఉండదు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, బాగా పెద్దవారికి ఎంతలో ఉండాలో డాక్టరే చెప్పాలి.

ఒక్క రోజు అంకె పెరిగితే గాభరా పడకండి. చేనులో ఒక్క పురుగు కనిపిస్తే మందు కొట్టం కదా. సగటు పెరిగితేనే డాక్టరుకు చెప్పాలి. అయితే 180/120 దాటితే వేరు. ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉండి, ఏ బాధా లేకపోతే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, చెయ్యి కాలు బలహీనపడటం వీటిలో ఏ ఒక్కటి తోడైనా మళ్లీ చూడటాలేవీ వద్దు, 108కి ఫోను చేయండి.

అంకె బాగుందని బిళ్ల మానేయడం మన ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు. బిళ్ల వేసుకుంటున్నందుకే అంకె బాగుంది. నీళ్లు పెట్టడం వల్ల పచ్చగా ఉన్న మడిని చూసి, పచ్చగానే ఉందిగా అని కాలువ తూము మూసేస్తామా? మందు తగ్గించాలన్నా పెంచాలన్నా డాక్టరు చెప్పాకే. ఇంకో మాట. ఊడ్పులూ కోతలూ అయ్యాక ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు, డైక్లోఫెనాక్ లాంటివి, బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. వారం రోజుల లెక్క రాసేటప్పుడు ఏ రోజు నొప్పి బిళ్ల వేసుకున్నారో పక్కన రాయండి. డాక్టరుకు అది చాలా ఉపయోగం.

డాక్టరుకు ఎలా పంపాలి

ఉత్త అంకెల ఫోటో పంపి ఊరుకుంటే డాక్టరు ఏమీ చెప్పలేరు. ఆయనకు రోజుకు వందమంది. ఇలా పంపండి:

"పేరు, వయసు. పోయిన నెల 10న మీకు చూపించుకున్నాం. వాడుతున్న బిళ్లలు (పేరు, మోతాదు). ఏడు రోజుల సగటు ఉదయం 152/90, సాయంత్రం 146/88. ఒక రోజు బిళ్ల తప్పింది. సాయంత్రం పాదాల వాపు ఉంటోంది. ఇవే కొనసాగించాలా, రావాలా?"

దీంతోపాటు పుస్తకం పేజీ, బిళ్లల అట్టల ఫోటో పెట్టండి. ప్రశ్న అడగడం మరిచిపోవద్దు. ప్రశ్న లేని మెసేజీకి జవాబు రాదు. ముందే డాక్టరును అడిగి, ఆ నంబరుకు పంపవచ్చో లేదో, ఏ వేళలో చూస్తారో తెలుసుకోండి. దేశంలో రిజిస్టర్డ్ డాక్టర్లు ఫోను మీద, వీడియో మీద సలహా ఇవ్వడానికి 2020 మార్చి 25న మార్గదర్శకాలు వచ్చాయి. కాబట్టి అడగడంలో తప్పు లేదు. ఫీజు అడిగితే ఇవ్వండి. గుడివాడ రానూపోనూ చార్జీ, పోయిన కూలీ కంటే అది తక్కువే.

సొంత డాక్టరు లేనివారు, ఫీజు పెట్టుకోలేనివారు ఊళ్లోని గ్రామ ఆరోగ్య కేంద్రానికి నోటుపుస్తకం పట్టుకెళ్లండి. అక్కడ నర్సింగ్ చదివిన ఆరోగ్య అధికారి ఉంటారు. ఆవిడ బీపీ, షుగరు చూసి, అవసరమైతే ఈ-సంజీవనిలో వీడియో మీద డాక్టరును కలుపుతారు. ఒక నర్సు మీ పక్కన ఉండి మీ తరఫున డాక్టరుకు వివరంగా చెప్పడం, మీరొక్కరే ఫోనులో చెప్పుకోవడం కంటే నయం. 104 వాహనం ఊరికి ఏ తేదీల్లో వస్తుందో ఏఎన్‌ఎంనో ఆశానో అడిగి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకు ముందు వారమే మీరు ఇంట్లో బీపీ చూసే వారం చేసుకుంటే, బండి వచ్చేసరికి లెక్క సిద్ధంగా ఉంటుంది. బిళ్లలు నెలకు సరిపడా ఇమ్మని అక్కడే అడగండి.

2017 చివరలో దేశంలో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమం మొదట చేపట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమంలో కొన్ని రాష్ట్రాల నర్సులు వాడే ఫోను యాప్ చేసే పని చాలా చిన్నది. ఈ నెల రావలసి ఉండి రానివారి పేర్లు చూపిస్తుంది. నర్సు ఫోను చేసి రమ్మంటుంది. నా దృష్టిలో ఇదే సరైన టెక్నాలజీ. మన కుప్పంలో 2025 జులైలో టాటా సంస్థ సాయంతో మొదలైన డిజిటల్ నెర్వ్ సెంటర్ కూడా రోగుల వివరాలు ఒకచోట చేర్చి వెంటబడి చూడటానికే. అది మన మండలం దాకా వచ్చేలోపు ఆ పని మీ ఇంట్లో ఒకరు చేయవచ్చు. అమ్మ బిళ్లలు ఎన్నో తేదీకి అయిపోతాయో ఫోనులో అలారం పెట్టండి, చాలు.

షుగరు ఉన్న రైతులకు

గ్లూకోమీటరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అసలు ఖర్చు స్ట్రిప్పులది. మిషను చవగ్గా ఇచ్చి స్ట్రిప్పుల మీద వసూలు చేస్తారు, కాబట్టి ముందు స్ట్రిప్పు ధర అడిగి ఆ తర్వాత మిషను ఎంచుకోండి. రోజూ పొడుచుకోనక్కర్లేదు. ఎన్ని రోజులకోసారి చూడాలో డాక్టరు చెబుతారు. మామూలుగా పరగడుపున 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు ఉండేలా చూస్తారు. చేతికి మట్టి, బెల్లం, అరటిపండు జిగురు ఉంటే అంకె తప్పు వస్తుంది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి అప్పుడు పొడవండి.

పొలం పనివాళ్లకు షుగరు పెరగడం కంటే ఒక్కసారిగా పడిపోవడం ఎక్కువ ప్రమాదం. తెల్లవారుజామున గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ల వేసుకునో, ఇన్సులిన్ చేసుకునో, అన్నం తర్వాత తిందాంలే అని ఆకుమడికి వెళ్లిపోతారు. తొమ్మిదింటికి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. ఎండ దెబ్బ అనుకుని చెట్టు కింద పడుకోబెడతారు. షుగరు 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూసి, తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. మిషను దగ్గర లేకపోతే లెక్క కోసం ఆగకండి, పంచదార ఇచ్చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108 పిలవండి. ఇలాంటి బిళ్లలు వాడే రైతు పంచదార పొట్లం జేబులో పెట్టుకోకుండా గట్టు ఎక్కకూడదు. ఇలా ఒక్కసారి జరిగినా డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చాల్సి ఉంటుంది.

చేతి వెనక అంటించుకునే షుగరు సెన్సర్లు వచ్చాయి. కొన్ని రకాలు 14 రోజులు పని చేస్తాయి. రాత్రీ పగలూ షుగరు ఎలా మారుతోందో ఫోనులో చూపిస్తాయి. ఇన్సులిన్ వాడుతూ తరచూ షుగరు పడిపోయేవారికి నిజంగా మేలు. కానీ ఒక్కొక్కటి వేల రూపాయలు. నెల నెలా కొనడం అందరికీ అయ్యే పని కాదు. డాక్టరు అడిగితే ఒక్కసారి పెట్టించుకుని, ఆ పద్నాలుగు రోజుల్లో ఏం తిన్నారో రాసిపెడితే డబ్బుకు తగిన ఫలితం వస్తుంది.

పొడవకుండానే షుగరు చెప్పే వాచీ, ఉంగరం అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అలా చెప్పే ఏ వాచీకీ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ చేసుకుంటే ప్రాణానికే ముప్పు.

వాచీలు, ఆక్సిజన్ క్లిప్పులు

మంచి కంపెనీ వాచీలు నాడిని బాగానే చూస్తాయి. కొన్ని గుండె లయ తప్పితే హెచ్చరిస్తాయి. లయ తప్పిన గుండెలో గడ్డ కట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది కాబట్టి ఇది పనికొచ్చే సంగతే. ఆపిల్ వాచీ పెట్టుకున్న 4,19,297 మందిని అమెరికాలో గమనిస్తే 0.52 శాతం మందికి హెచ్చరిక వచ్చింది. వాళ్లలో ఛాతీకి ఈసీజీ పట్టీ పెట్టించుకుని తిప్పి పంపినవారిని చూస్తే 34 శాతం మందికి ఆ సమయంలో లయ తప్పడం కనిపించింది. అంటే హెచ్చరిక వస్తే ఈసీజీ తీయించుకోవాలి, రాకపోతే గుండె బాగుందని అర్థం కాదు. వాచీ చూపించే బీపీ అంకె మీద ఆధారపడి మందు మార్చకండి. చవక వాచీల్లో ఆ అంకెను అసలు పట్టించుకోకండి.

వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు కరోనాలో చాలా ఇళ్లకు వచ్చింది. 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలని అప్పుడే నేర్చుకున్నాం. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి ఇంట్లో ఇప్పటికీ ఉపయోగమే. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు, చిక్కటి గోరింటాకు ఉంటే తేడా చూపించవచ్చు. నలుపు చర్మం ఉన్నవారికి అసలు కంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని కూడా తేలింది. అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి. పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి నోట్లో చొంగ, చెమటలు, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే క్లిప్పు కోసం వెతుకుతూ కూర్చోకండి. బట్టలు మార్చి, ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్లలు దూరంగా ఉన్న ఇళ్లలో

మన వైపు చాలా ఇళ్లలో ముసలివాళ్లిద్దరే ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు అమ్మ చేతికి ఖరీదైన వాచీ పెట్టి వెళతారు. ఇక్కడ అమ్మ నాడి అక్కడ కొడుకు ఫోనులో కనిపిస్తుంది. మంచిదే. కానీ ఇక్కడ అర్ధరాత్రి అయితే అక్కడ మధ్యాహ్నం, కొడుకు మీటింగులో ఉంటాడు. చూసినా ఆయన తలుపు తట్టలేడు. తట్టేది పక్కింటి పిన్నో ఎదురింటి బాబాయో.

అందుకే వాచీ కొనే ముందు నాలుగు నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి: పక్కింటివాళ్లు, కారో ఆటోనో ఉన్నవాళ్లు, ఆశా కార్యకర్త, 108. పక్కింటివాళ్ల దగ్గర ఇంటి తాళం చెవి ఇంకొకటి ఉంచండి. హెచ్చరిక వస్తే కొడుకు ముందు ఎవరికి ఫోను చేయాలో ఆ పక్కింటివాళ్లకు ముందే చెప్పి ఒప్పించండి. రోజూ ఛార్జింగు పెట్టాల్సిన వాచీ వారం తిరక్కుండానే బీరువాలోకి వెళ్లే ఇళ్లు కొల్లలు. అలాంటప్పుడు రోజూ ఒకే వేళకు ఫోను చేసి "ఈ పూట బిళ్ల వేసుకున్నావా అమ్మా, అంకె ఎంత వచ్చింది?" అని అడగడం వాచీ కంటే బాగా పని చేస్తుంది.

మెసేజీ పెట్టకూడని వేళలు

ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే బీపీ చూసి, ఫోటో తీసి, డాక్టరు నీలి టిక్కు కోసం ఎదురుచూడకండి. మూతి ఒక పక్కకు వంగినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అంతే. పక్షవాతంలో గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు, అదీ స్కాన్ తీశాక. కాబట్టి స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని 108 వారిని అడగండి. మనిషి ఆఖరుసారి ఎప్పుడు బాగున్నాడో టైము గుర్తుపెట్టుకుని అక్కడ చెప్పండి. నోటుపుస్తకం, బిళ్లల అట్టలు వెంట తీసుకెళ్లండి.

ఆధార్‌తో ఆభా నంబరు తీసుకోమని ఆసుపత్రుల్లో అడుగుతున్నారు. 14 అంకెల ఆ నంబరు ఉచితం. మీ రిపోర్టులు ఒకచోట ఉంటాయి, ఊరు మారినా దొరుకుతాయి. తీసుకోండి. కానీ దాని పేరు చెప్పి ఫోను చేసి ఓటీపీ అడిగేవారికి చెప్పకండి. ఆరోగ్య యాప్ పెట్టుకునేటప్పుడు ఫోటోలు, ఫోను నంబర్లు అన్నీ చూడనివ్వమంటే వద్దనే నొక్కండి.

బీపీ మిషను కొన్న మొదటి వారంలో ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. వాళ్ల మిషనుతో ఒకసారి, మీ దానితో ఒకసారి అదే చేతికి చూపించుకోండి. రెండు మూడు సార్లు చూసినా పది అంకెలు తేడా వస్తుంటే మీ మిషను మార్చాలి. సెల్లులు నీరసపడినా అంకె తేడా వస్తుంది. సార్వా నాట్లకు ముందు ఒకసారి కొత్త సెల్లులు వేసి, పాతవి టార్చిలైటుకు వాడుకోండి.